తంతి వంశము, టెలిఫోను వంశము: కడప సీమలో ధ్వని నడచిన తీగలు

గాజుతీగ (ఫైబరు) ఇంటింటికిని చేరిన యీ కాలమున, ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ల వీథులలోను, జమ్మలమడుగు పాత మిద్దెలలోను, పులివెందుల క్రొత్త కాలనీలలోను సంగీతమునందు మక్కువగల గృహస్థులకు ఒక సందేహము కలుగుచున్నది. రౌటరు నుండి పాటల పెట్టెకు పోవు నెట్‌వర్కు కేబులును తీసివేసి, దానికంటె లావైనదియు, వెలగలదియు, వెండిపూత పూసినదియునగు మఱియొక కేబులును తగిలించినచో, ఘంటసాల కంఠము మఱింత నిండుగా వినవచ్చునా, సుశీల పాట మఱింత తేటపడునా యనునదే యా సందేహము.

అట్లు కానేరదని ఒక్కమాటలో చెప్పి ఊరకుండవచ్చును. కాని యీ నమ్మకము నిరాధారముగా పుట్టలేదు. తీగ మంచిదైన ధ్వనియు మంచిదగునని మన పెద్దలు నమ్మిన దినములలో ఆ నమ్మకము అక్షరాలా సత్యమై యుండెను. ఈ సీమకు తీగలు రెండు వంశములుగా వచ్చినవి: అక్షరమును మోసిన తంతి వంశ మొకటి, కంఠమునే మోసిన టెలిఫోను వంశము మఱియొకటి. నేటి నెట్‌వర్కు కేబులు రూపమున రెండవ వంశమునకు చెందినదై, స్వభావమున మొదటి వంశపు వారసురాలై యున్నది. రూపమును చూచి స్వభావము నూహించుటచేతనే నేటి గృహస్థుడు అంగడిలో తడబడుచున్నాడని నా తలంపు.

తంతి ముందు వచ్చినది. 1839లో కలకత్తాలో ఓషాఘ్నసీ యను వైద్యుడు ప్రయోగార్థము తీగ సాగదీసిన నాటినుండి పదునాఱేండ్లకు, అనగా 1855లో, భారతదేశమున తంతి సామాన్యజనుల వినియోగమునకు వచ్చెను. మద్రాసు నుండి వాయవ్యముగా బయలుదేరిన రైలుమార్గము కడప మీదుగా పోయి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసెను. ఆ పట్టాల ప్రక్కనే స్తంభములును, స్తంభములమీద తీగలును నడచినవి. ప్రొద్దుటూరి వారికి యెఱ్ఱగుంట్లయు, జమ్మలమడుగు వారికి ముద్దనూరును ఆనాటి స్టేషన్లు. పత్తికిని, వస్త్రములకును, బంగారమునకును పేరుపొంది, తరువాతి కాలమున రెండవ బొంబాయి యని పిలువబడిన ప్రొద్దుటూరివంటి వర్తకపట్టణమునకు దూరపు ధర ఒక్క దినములో తెలియుట ఎంతటి మేలో వర్తకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ తంతితీగలు పలుచోట్ల ఇనుపతీగలు. వానకు తుప్పు పట్టునవి, ఎండకు సాగునవి, పక్షులు వ్రాలునవి. ఐనను బొంబాయిలో ఇరువది యని కొట్టిన అంకె ఇక్కడ ఇరువదిగానే చేరుచుండెను. ఇనుపతీగ మీద వచ్చినందున ఆ ఇరువది కొంచెము మసకబారిన ఇరువదిగాను, రాగితీగ మీద వచ్చినందున నిగనిగలాడు ఇరువదిగాను ఉండుట యెన్నడును లేదు. తంతి పంపునది కట్టు, కొట్టు అను రెండు స్థితులనే గావున, ఆవలి గుమాస్తా ఆ టిక్కుటిక్కులను విని అక్షరముగా మరల క్రొత్తగా వ్రాయును. త్రోవలో బలహీనపడిన సంకేతమును రిలే యను యంత్రము మరల పూర్ణబలముతో ముందునకు నెట్టును. ధరలవంటి అంకెలను రెండవమారు కూడ పంపి సరిచూచుకొను పద్ధతి తంతి ఆఫీసులలో నుండెను. తప్పు దొరలినచో మరల అడుగుదురు. దొరలనిచో విషయము ముగిసినట్లే.

రాగి నాణ్యతను గూర్చిన తపన సైతము తంతికాలమున పుట్టినదే. అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున వేసిన మొదటి కేబులు మీద 1858లో విక్టోరియా రాణి సందేశము, 98 మాటలది, చేరుటకు సుమారు 16 గంటలు పట్టినది. దానికి ముందు సంవత్సరమే, పిమ్మట లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్, ఒక్కొక్క వర్తకుడు అమ్ము రాగి ఒక్కొక్క విధముగా విద్యుత్తును వహించుచున్నదని కొలిచి చూపి, శుద్ధమైన రాగినే వాడవలెనని పట్టుబట్టెను. శుద్ధమైన రాగి శ్రేష్ఠమను మాటకు శాస్త్రాధార మచటనే యున్నది. కాని ఆ శ్రేష్ఠత దేనియందో గమనింపవలెను. మంచి రాగి వలన సందేశము త్వరగా చేరినది. రాణి మాటలలో ఒక్కటియు అధికముగ మధురము కాలేదు.

టెలిఫోను కథ వేఱు. 1876లో గ్రాహంబెల్ కనిపెట్టిన యీ సాధనమున తీగ మోయునది కంఠముయొక్క ప్రతిబింబమునే. గొంతు పెరిగిన కొలది విద్యుత్తు పెరుగును, తగ్గిన కొలది తగ్గును. ఆ ఎత్తుపల్లములే ఆవలి చెవికి చేరును. త్రోవలో ఏది పోయినను పోయినదే, ఏది కలిసినను కలిసినదే. ప్రక్కతీగలోని మాట ఈ తీగలో చొరబడును. విద్యుత్తీగల రొద దానిపై ప్రాకును. దీనికి విరుగుడుగా రెండు తీగలను జడవలె పెనవేయు ఉపాయమునకు 1881లో బెల్లే పేటెంటు పొందెను. పెనవేసిన రెండింటిమీదను రొద సమానముగ పడును గావున, ఆవలి కొసన ఒకదానినుండి మఱియొకదానిని తీసివేసినచో రొద పోయి మాట మిగులును. ఈ పెనవేత నేటి నెట్‌వర్కు కేబులులో యథాతథముగ నున్నది. దానిని చూచియే మనము మోసపోవుచున్నాము. ట్రంకుకాలు పెట్టి గంటలకొలది కాచి, తీఱ తీగ కలిసినపుడు మద్రాసులోని కుమారునితో వీథివీథంతయు వినబడునట్లు కేకలువేసి మాటాడిన తండ్రుల తరము ఇంకను పూర్తిగా గతించలేదు. దూరము పెరిగిన కొలది కంఠము సన్నగిల్లునను పాఠమును వారు చెవులతోనే నేర్చుకొనిరి.

తీగ లేని ధ్వనికిని ఈ సీమయే పుట్టినిల్లు. నేటి చక్రాయపేట మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు కీచకవధ నాటకమును ఆడించిననాడు, నటుని కంఠమునకును ప్రేక్షకుని చెవికిని నడుమ గాలి తప్ప వేఱొకటి లేదు. పులివెందుల ప్రాంతపు పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చినవారికి చిట్టచివరి వరుసలో కూర్చున్నను పద్యము వినబడవలెను. ఆ నిర్బంధమే పద్యమును రాగము తీసి పాడు రంగస్థల సంప్రదాయమునకు బలమైనదని నేననుకొందును. సాగదీసిన అచ్చు మాటకంటె దూరము పోవును. పిమ్మట ఈ పద్యములే గ్రామఫోను రికార్డులకు ఎక్కినవి. ఆ పెట్టెలోను తీగ లేదు. సూది కదలిక రేకును కదల్చును, రేకు కదలిక బాకాలో పెరుగును.

తీగను గూర్చిన జ్ఞానము ఈ ఊళ్లలో నిజముగా పెరిగినది మైకుసెట్టు అంగళ్లలో. ప్రొద్దుటూరి కన్యకాపరమేశ్వరి దసరా ఉత్సవములు, శ్రీరామనవమి పందిళ్లు, ఉరుసులు, పెండ్లిండ్లు, ఎన్నికలు: వీనియన్నిటికిని ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, స్తంభములకు కట్టు బాకాలు, చుట్టలు చుట్టలుగా తీగ కావలెను. తీగ కొసను పంటితో కొఱికి పైతొడుగు లాగివేసి, లోని పోగులను వ్రేళ్లతో మెలిపెట్టి, బాకా వెనుక మఱకు చుట్టి, నల్లటేపు వేసి, స్తంభము దిగి వచ్చి, "హలో హలో, మైక్ టెస్టింగ్" అని ఒక్కమారు పలికి, వీథి చివర నిలిచిన కుఱ్ఱవాడు చేయి ఊపువఱకు చెవియొగ్గి యుండు మైకుసెట్టు మనిషిని చూడని బాల్యము ఈ సీమలో అరుదు. "తీగ లావుగా ఉంటే సౌండు బాగొస్తాదన్నా" అని ఆ వృత్తివారు చెప్పుమాట అనుభవమునుండి వచ్చినది, లెక్కకును నిలుచునది.

అర చదరపు మిల్లీమీటరు రాగితీగకు మీటరొక్కింటికి సుమారు 0.034 ఓముల నిరోధముండును. బాకా 50 మీటర్ల దూరమున నున్నచో పోవు తీగయు వచ్చు తీగయు కలిసి 100 మీటర్లు, అనగా దాదాపు 3.4 ఓములు. బాకా 8 ఓములదైనచో, ఆంప్లిఫయరు ఇచ్చు శక్తిలో నూటికి 30 వంతులు బాకాను చేరకయే తీగలో వేడియై పోవును. తీగను 1.5 చదరపు మిల్లీమీటర్లకు లావుచేసినచో ఆ నష్టము 12 వంతులకు దిగును. ఇంతకంటె తెలివైన త్రోవ ఆంప్లిఫయరు వెనుక 100 వోల్టులని వ్రాసియున్న మఱ. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని పెంచి కరెంటును తగ్గించి పంపి, బాకా వద్ద మఱియొక చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుకొన్నచో, 20 వాట్ల బాకాకు ఆ సన్నతీగ మీదనే నూటికి ఒక వంతు కూడ నష్టముండదు. దసరా ఊరేగింపు వీథుల పొడవున బాకాలు కట్టి ఒక్క ఆంప్లిఫయరుతో పలికించుటలోని రహస్యమిదియే. ఓము సూత్రమును పుస్తకమున చదువకయే దానిని చేతులతో ఎఱిగిన వీరికి మన పల్లెపట్టణముల ధ్వనిచరిత్రలో రావలసిన గౌరవము రాలేదు.

రేడియో వారికి తీగ మఱియొక పాఠము నేర్పినది. 1938లో మద్రాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము వెలసినను, రెండును ప్రొద్దుటూరికి 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నవి. పగలు సన్నగాను, రాత్రి ఆకాశమునుండి ప్రతిఫలించి పెరుగుచు తగ్గుచును వచ్చు ఆ ధ్వనిని పట్టుకొనుటకు మిద్దెమీద ఈ కొసనుండి ఆ కొసకు రాగిపోగులతో అల్లిన పట్టె ఏరియలును కట్టి, భూమిలో పాతిన గొట్టమునకు ఎర్తుతీగను చుట్టి, ఎండకాలమున ఆ గుంటలో నీళ్లు పోయుచుండెడివారు. ఏరియలు ఒక మూర పెరిగిన వార్తలు స్పష్టమైనవి. ఎర్తు తడిసిన గరగర తగ్గినది. పోస్టాఫీసులో ఏటేట లైసెన్సు కట్టి తెచ్చుకొన్న రేడియో అది. దానికి చేయు సేవ యంతయు తీగసేవయే. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము నెలకొని, 900 కిలోహెర్ట్జులపై ఆ ధ్వని ఈ మూడు ఊళ్లకును దగ్గఱగా వచ్చిన పిమ్మట పట్టె ఏరియళ్ల అవసరము తగ్గినది. అటుపై ట్రాన్సిస్టరు చేతికి వచ్చి పొలము గట్లమీదికి పోయినది. కాని తీగ వలన ధ్వని బాగుపడుటను చెవులార విన్న జ్ఞాపకము ఇండ్లలో నిలిచిపోయినది.

ఇచట పులివెందుల తాలూకా బిడ్డలను స్మరింపక ముందునకు పోజాలను. కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థను నెలకొల్పి 1951లో మల్లీశ్వరిని తీసెను. ఆయన తమ్ముడు నాగిరెడ్డి మద్రాసులో నడిపిన విజయా–వాహినీ స్టూడియోలు తెలుగుపాటకు ఉత్తమమైన ముద్రణశాలలైనవి. సింహాద్రిపురమున పుట్టిన పద్మనాభము తాను నిర్మించిన శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న చిత్రమున 1967లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము అను క్రొత్త గాయకుని లోకమునకు వినిపించెను. ఆ తొలిపాట టేపును వెంటనే చెరిపివేయక కొంతకాల ముంచవలెనని, ఇతర సంగీతదర్శకులకు వినిపించుటకై, ఆ చిత్రపు సంగీతదర్శకుడు కోదండపాణి ధ్వనిముద్రకుని కోరెనని బాలసుబ్రహ్మణ్యమే పలుమారు చెప్పుకొనెను. టేపుమీద ఆ దినమున ఏది పడినదో అదియే మనకు దక్కినది. మైక్రోఫోను గ్రహింపనిదానిని, టేపు నిలుపుకొననిదానిని తరువాతి కాలపు ఏ తీగయు తెచ్చి చేర్పజాలదు.

1990ల నుండి వీథులలో కేబుల్ టీవీ నల్లతీగలు అల్లుకొన్నవి. అవి మొదట టెలిఫోను వంశమువే. డిష్షునుండి దూరమైన ఇంటికి బొమ్మ మంచు కురిసినట్లుండును. కనెక్టరు వదులైనచో ఒక బొమ్మ వెనుక మఱియొక బొమ్మ నీడగా కదలును. కేబులు మనిషి వచ్చి కొస కత్తిరించి మరల బిగించినచో స్పష్టమగును. పిమ్మట సెట్‌టాప్ బాక్సులు వచ్చినవి. అప్పుడు ప్రతి గృహిణియు ఒక విశేషమును గమనించినది: మంచు కురియుట మానినది. తీగ బాగున్నంతవఱకు బొమ్మ సంపూర్ణముగ నుండును. చెడినపుడు గళ్లు గళ్లుగా విఱిగి నిలిచిపోవును. కొంచెము మసక యను నడుమస్థితి మాయమైనది. వీథి తీగ టెలిఫోను వంశమును వీడి తంతి వంశమున చేరిన క్షణమదియే.

2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్స్తంభముల మీదుగనే గాజుతీగను పల్లెలకు నడిపి, నెలకు 149 రూపాయల ప్రారంభ వెలతో ఇండ్లకు అంతర్జాలమును చేర్చినది. ప్రైవేటు సంస్థల తీగలును దానికి తోడైనవి. మిద్దెమీద కూర్చుండి కేబులు కొసను కట్టు యువకుని చేతులను దగ్గఱనుండి చూడుడు. నీలి పైతొడుగు ఒలిచి, పెనవేసిన నాలుగు జంటలను విప్పి, నారింజతెలుపు, నారింజ, ఆకుపచ్చతెలుపు, నీలము, నీలితెలుపు, ఆకుపచ్చ, గోధుమతెలుపు, గోధుమ యను వరుసలో ఎనిమిది పోగులను బొటనవ్రేలికింద బల్లపరుపుగా అదిమి, కొసలు సమముగ కత్తిరించి, పారదర్శకమైన చిన్న మూతలో దూర్చి, పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కును. అది మైకుసెట్టు మనిషి చేసిన పనికి తోబుట్టువువలె కనబడుచున్నది. కాని ఆ ఎనిమిది పోగుల వెంట పోవునది పాట కాదు, పాటను గూర్చిన అంకెలు.

ఈథర్నెట్ అను ఈ పద్ధతిని 1973లో మెట్‌కాఫ్ తలపెట్టగా, అది 1983లో ప్రమాణమైనది. 1990లో పెనవేత తీగలమీదికి వచ్చినది. సీడీ నాణ్యతగల 5 నిమిషముల పాట సుమారు 5 కోట్ల 29 లక్షల బైట్లు. అది ఒక్కొక్కటి 1,500 బైట్లకు మించని పొట్లములుగా, అనగా 36,000కు పైబడిన పొట్లములుగా విడివడి వచ్చును. ప్రతి పొట్లము చివరను 32 బిట్ల సరిచూపు సంఖ్య యుండును. త్రోవలో ఒక్క బిట్టు మాఱినను ఆ సంఖ్య కలియదు; ఆ పొట్లమును పాఱవేసి మఱియొకటి తెప్పించుకొందురు. తంతి ఆఫీసులో అంకెలను రెండవమారు సరిచూచిన గుమాస్తా ఇచట యంత్రమైనాడు. ఇక వేగమందురా, సీడీ నాణ్యతకు సెకనుకు 14 లక్షల బిట్లు చాలును. సామాన్యమైన ఐదవ తరగతి కేబులు 10 కోట్ల బిట్లను 100 మీటర్ల వఱకు మోయును. అంతకంటె సూక్ష్మమైన 24 బిట్ల, 192 కిలోహెర్ట్జుల ముద్రణమునకు సైతము 92 లక్షల బిట్లు మాత్రమే కావలెను. రాజమార్గమంతటి వెడల్పుండగా ఆఱవ, ఏడవ, ఎనిమిదవ తరగతుల కేబులు ఈ పాటకు చేయు ఉపకారమేదియు లేదు.

ఇందుకు పాత దృష్టాంత మొకటి కలదు. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనములు రాగిరేకులమీద చెక్కబడి వందల యేండ్లు తిరుమల అఱలో నుండెను. ఆ రేకులు అక్షరమును, రాగముపేరును కాపాడినవి, బాణీని కాపాడలేదు. కనుకనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు మరల బాణీలు కట్టవలసివచ్చినది. ఆ రేకులను మఱింత శుద్ధమైన రాగిమీద మరల చెక్కించినను పదము పదమే, రాగము మఱియొకరి గొంతులోనే పుట్టవలెను. నెట్‌వర్కు కేబులులోని రాగి మోయునది ఆ రేకులు మోసిన లిపివంటి లిపినే. దానిని చదివి ధ్వనిగా మార్చు డాక్ అను భాగము ఆవలి పెట్టెలో, తన సొంత గడియారము చొప్పున, తన సొంత విద్యుత్తుతో పనిచేయుచున్నది.

దీనికి ఇంటిలోనే ఋజువు దొరకును. పాట సాగుచుండగా నెట్‌వర్కు కేబులును ఊడబెఱుకుడు. పాట ఆగదు. పెట్టె ముందుగనే కొన్ని సెకన్ల అంకెలను, కొన్ని పెట్టెలు మొత్తము పాటనే, తన జ్ఞాపకములో దాచుకొనియుండును. అవి ముగియువఱకు చరణము నడచుచునే యుండును. తీగ నేలమీద పడియుండగా వినబడిన ఆ స్వరమునకును, తీగ తగిలియుండగా వినబడిన స్వరమునకును భేదమేమియు తోపనిచో, మంచితీగకును సామాన్యమైన తీగకును భేదము తోచుట యెట్లు?

కొందఱు మఱియొక వాదమును తెత్తురు: అంకెలు చెడకున్నను, కేబులు వెంట విద్యుత్తు రొద ప్రాకి డాక్ భాగమును కలతపెట్టునందురు. ఇది ఆలోచింపదగిన వాదమే. కాని ఈథర్నెట్ మఱల లోపల ఇరువైపులను చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుండి, 1,500 వోల్టుల పరీక్షకు నిలుచునట్లు ఒక పెట్టెను మఱియొక పెట్టెనుండి వేఱుచేయుచున్నవి. విచిత్రమేమనగా, వెలగల కేబుళ్లలో పలువాటికి లోహపు కవచముండి, ఆ కవచము ఇరుకొసలను తగిలినచో ఈ వేర్పాటు భంగమై, రెండు పెట్టెల ఎర్తులు కలిసి 50 హెర్ట్జుల గుమ్మను రొద పుట్టవచ్చును. కవచము లేని చవక కేబులునకు ఈ ప్రమాదము లేదు. 2015లో ఆర్స్ టెక్నికా పత్రికవారు అమెరికాలోని లాస్‌వెగాస్‌లో జరిగిన ఒక సభలో 340 డాలర్ల కేబులును, సామాన్యపు కేబులును శ్రోతలకు కనబడకుండ మార్చి మార్చి వినిపింపగా, వారు భేదము పట్టలేకపోయిరి. మన యింటిలోను అట్లే చేయవచ్చును. మార్చువారు పరదా వెనుక నుండవలెను, వినువారికి ఏ తీగ తగిలియున్నదో తెలియరాదు. ఏ తీగ తగిలియున్నదో తెలిసి వినునపుడు చెవికంటె ముందుగా మనస్సు తీర్పు చెప్పును. ఇది మనుష్యులందఱికిని సహజమైన ధర్మము గావున ఎవరిని తప్పుపట్టుటకును నాకు మనసురాదు.

కేబులు అసలే లెక్కలోనిది కాదని నేననుట లేదు. అల్యూమినియము పోగుకు రాగిపూత పూసిన చవకసరకు అంగళ్లలో దొరకుచున్నది. అది వంచిన విఱుగును. ఒక్క జంట తెగినచో సెకనుకు 100 కోట్ల బిట్ల సంబంధము 10 కోట్లకు జాఱవచ్చును. మఱి తెగినచో పాట ఆగి ఆగి నడచును. గోడ కావల వైఫై సన్నగిల్లిన గదిలో తీగ వేసినచో ఆ ఆటంకము పోవును. ఆటంకము లేకుండుట గొప్ప మేలే. స్వరమాధుర్యము మాత్రము దానివలన పెరగదు.

మాధుర్యము వెదకువాడు తన యింటినేలను చూడవలెను. నార్జి, యెఱ్ఱగుంట్ల ప్రాంతపు గనులనుండి వచ్చు నాపరాళ్లు దేశమంతట కడప బండలను పేర ప్రసిద్ధములు. మన యిండ్లలో నేలయు అవే, అరుగులును అవే, అలమరల బండలును అవే. వానికి తోడు నున్నని సిమెంటు గోడలు, కాంక్రీటు పైకప్పు. ఖాళీ హాలులో చప్పట్లు కొట్టినచో ఆ చప్పుడు గోడనుండి గోడకు తాకి టంగుమని మ్రోగును. పాటలోని ప్రతి అక్షరమునకును ఆ తోక తగులుకొనును. పాత మిద్దె యిండ్లలో దంతెలును, మట్టికప్పును, మొరటుగోడలును ఆ ప్రతిధ్వనిని మింగెడివి. స్పీకర్ల ముందర నేలపై ఒక మందపు జంపఖానా పఱచి, ఎదుటిగోడకు దళసరి తెరయో, పుస్తకముల బీరువాయో చేర్చి, స్పీకర్లను మూలలనుండి రెండడుగులు ఇవతలకు జరిపినచో కలుగు మార్పు పరదా వెనుక పరీక్షకు అక్కఱలేనంత స్పష్టముగ వినబడును. ఎర్తు గుంతను గూర్చి పెద్దలు పడిన శ్రమయు వృథా కాదు. వేసవిలో ఎండిన నేల ఎర్తును బలహీనపఱచును, ఆంప్లిఫయరులోని గుమ్మను రొదకు అది ఒక కారణము.

ఈ సీమ ధ్వనిచరిత్రలో నన్ను కలతపెట్టు విషయము మఱియొకటి కలదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరిలో నుండి శివతాండవమును రచించెను. అగస్త్యేశ్వరాలయమున పుట్టినదని చెప్పబడు ఆ కావ్యము కంటితో చదువుటకంటె చెవితో వినుటకు ఏర్పడినది. ఆయన స్వకంఠముతో చదివిన ముద్రణము నేడు అంతర్జాలమున వినగలుగుచున్నామన్నచో, ఎవరో ఒకరు టేపును భద్రపఱచి సకాలమున అంకెలుగా మార్చినందుననే. అట్టి అదృష్టము లేని కంఠములెన్నో 1970లు, 80ల నాటి క్యాసెట్లలో, ఇనుపబీరువాలలో, 40 డిగ్రీలు దాటు కడప వేసవులను ఒకదానివెంట నొకదానిని భరించుచు పడియున్నవి: హరికథలు, చెక్కభజనలు, బ్రహ్మంగారి తత్త్వములు, సురభివారి పద్యములు, తాతల మాటలు. వేడికి టేపు ముడుతపడును, దాని పూత రాలును, ఒక పొరమీది ధ్వని ప్రక్కపొరపైకి సన్నగా అంటుకొనును.

వెలగల కేబులునకై వెచ్చింపదలచిన సొమ్మును వెచ్చింపవలసిన తావిదియే. మంచి స్థితిలో నున్న ఒక పాత టేపు డెక్కును సంపాదింపవలెను. దాని హెడ్డును స్పిరిటుతో తుడిచి, ఒక్కొక్క క్యాసెట్టుకును హెడ్డు కోణమును చిన్న మఱమేకుతో త్రిప్పి, పైస్వరములు తేటపడుచోట నిలిపి, 24 బిట్లలో కంప్యూటరునకు ఎక్కింపవలెను. అప్పుడు డెక్కునుండి కంప్యూటరు ప్రక్కనున్న ముద్రణపు పెట్టెవఱకు పోవు మూరెడు తీగ టెలిఫోను వంశపు తీగ. తాతగారి కంఠము దానిలో అంకెగా గాక కంఠముగనే ప్రవహించును. ఆ తీగకు మంచి కవచముండవలెను, మఱలు తుప్పులేక బిగువుగ నుండవలెను, కరెంటుతీగలకు దూరముగ నుండవలెను. మైకుసెట్టు అంగళ్లలో ఆ పని తెలిసిన పెద్దలు ప్రొద్దుటూరిలో నింకను కలరు.